720 రూపాయల కరణం కత్తి

గత వేసవిలో హనుమకొండ నుంచి ఒక ప్రభుత్వ పాఠశాల తెలుగు టీచరు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. తాటాకు మీద రాత ఎలా సాగేదో పిల్లలకు చేసి చూపించాలని ఆమె ఆలోచన. కాకతీయుల కాలం నాటి, ఊరి లెక్కలు రాసే కరణం వేషం తానే కట్టి, అందరి ఎదుట ఆకు కత్తిరించి, గంటంతో నాలుగు అక్షరాలు గీసి, వాటి మీద మసి రుద్ది చూపించాలి. ఆకులు సిద్ధంగా ఉన్నాయి. గంటం బదులు మొన దేరిన ఇనుప సూది ఒకటి సంపాదించారు. కత్తి ఒక్కటే మిగిలింది.

"ఆ కాలం కత్తిలా కనిపించాలి సార్. నిజంగా తెగాలి. వెయ్యి రూపాయలు దాటకూడదు" అన్నారు.

ఐటీఐలో ఫిట్టరు పని నేర్పి పదవీ విరమణ చేశాను. ఆ తర్వాత నాటక బృందాలకు, బడి ప్రదర్శనలకు సామగ్రి చేసి ఇస్తున్నాను. చెక్క కత్తులు, రేకు డాళ్లు, అట్ట కిరీటాలు ఎన్ని చేశానో లెక్క లేదు. చూడటానికి పాతగా, వాడటానికి పదునుగా, కొనడానికి చవకగా ఉండే వస్తువు కావాలని అడిగింది మాత్రం ఈమే మొదటివారు. ఈ పని మూడు నెలలు పట్టింది. ఇలాంటి పని మీద పడ్డవాళ్లకు ఉపయోగపడుతుందని, నా తప్పులతో సహా రాస్తున్నాను.

బొమ్మ చూసి కొన్నది

కత్తి ఏ పని చేయాలో ఆలోచించకుండానే ఫోనులో వెతకడం మొదలుపెట్టాను. సింహం తల ఉన్న ఇత్తడి పిడి, అలుగు (పిడి కాక మిగిలిన కోసే భాగం) నిండా నీటి అలల్లాంటి గీతలు, కింద 'డమాస్కస్' అని పేరు. 1,450 రూపాయలు. టీచరు చెప్పిన లెక్క దాటినా, తేడా నేను భరిద్దామని తెప్పించాను.

చేతిలోకి తీసుకోగానే బరువంతా పిడిలోనే ఉందని తెలిసింది. మొన పైకి లేస్తోంది. సన్నని ఎమరీ కాగితంతో అలుగును పది సార్లు రుద్దాను. గీతలు తుడిచినట్టు పోయాయి, కింద తెల్లటి స్టెయిన్‌లెస్ రేకు బయటపడింది. రెండు రకాల ఉక్కును పొరలు పొరలుగా అతికి సాగదీసిన కత్తిలో గీత లోపలి దాకా ఉంటుంది. అరగదీసినా, ఆమ్లం పూసి కడిగితే మళ్లీ తేలుతుంది. దీనిలో తేలలేదు. మూడో రోజుకు పిడి కదిలింది. విప్పి చూస్తే పిడి లోపలికి దిగిన తోక అంగుళం కూడా లేదు. మిగిలిన ఖాళీ అంతా జిగురు.

ఆ అలల గీతల మీద టీచరుకూ మనసు పడింది. అందుకే వాటి గురించి ఆమెకు ఏం చెప్పానో ఇక్కడా చెప్పాలి. పాతకాలపు అసలు డమాస్కస్ కత్తుల ఉక్కు మీది గీతలు ఇలా పొరలు అతికితే వచ్చేవి కావు. ఇనుమును, ఆకులు కొమ్మల వంటి బొగ్గుగా మారే పదార్థాన్ని కలిపి మట్టి మూసలో పెట్టి, మూత పూడ్చి, గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లారనిచ్చేవారు. దాదాపు ఒకటిన్నర శాతం కార్బన్ పట్టిన ముద్ద వచ్చేది. దాన్ని ఎక్కువ వేడి తగలకుండా ఓపికగా సాగగొడితే ఆ కార్బన్ లోపల బారులు తీరి గీతలుగా కనిపించేది. ఇంగ్లీషువాళ్లు 'వూట్జ్' అన్నది మన 'ఉక్కు' అనే మాటనే. ఈ పని మనకు దూరపు కథ కాదు. నిర్మల్ చుట్టుపక్కల, నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఆ మూసలు కాలాయి. కోనసముద్రంలో ఉక్కు చేసే తీరును హెన్రీ వాయిసీ చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చి అక్కడ ఉక్కు ముద్దలు కొనే వర్తకుడి ప్రస్తావన అందులో ఉంది. 2010లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయనాల సంస్థ పరిశోధకులు కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్లలో తిరిగి, పాత కొలుముల చిట్టెపు (ఇనుము తీయగా మిగిలిన మడ్డి) కుప్పలను నమోదు చేశారు. మన పొలాల గట్ల మీద కాలికి తగిలే ఆ నల్లని చిట్టెం ముక్కలు ఒకప్పటి పరిశ్రమ మిగిల్చిన గుర్తులు. పిల్లలను అక్కడికి తీసుకెళ్లి చూపించాలని ఎప్పుడూ అనుకుంటాను.

అయితే అంతటి ఉక్కు దూరదేశాల కత్తులకు పోయేది. ఊళ్లో కరణం మొలలో ఉండే చాకుకు అది అక్కర్లేదు. ఊరి పనిముట్టుకు మెత్తని ఇనుమే ఒళ్లు, కోసే అంచున మాత్రం చిన్న ఉక్కు ముక్క. గొడ్డలికి ఉక్కు వేయించడం అనే మాట మా చిన్నప్పుడు ప్రతి రైతు నోటా వినబడేది. ఈ సంగతి అర్థమయ్యాక టీచరు అలల గీతల మాట వదిలేశారు.

పాత కత్తినే కొనేద్దామని ఒక ప్రయత్నం కూడా జరిగింది. పాత సామాను అమ్మే ఒకాయన 4,000 రూపాయలకు చిన్న కత్తి చూపించాడు, నూరేళ్లు దాటిందన్నాడు. నేను వద్దన్నాను. నూరేళ్లు దాటిన కళావస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు ఉండాలి. అంతకంటే నన్ను ఆపింది వేరే. నిజంగా అంత పాతదే అయితే, తాటాకు కోయడం కోసం దాన్ని సానబట్టి అంచు అరగదీసే హక్కు నాకు లేదు.

ఆకు ముందు కూర్చున్నాక

జూన్ మొదటి వారంలో, మొదటే చేయాల్సిన పని చేశాను. టీచరు తెచ్చిన ఆకులు పసుపు నీళ్లలో ఉడికించి నీడన ఆరబెట్టినవి. వాటిని ముందేసుకుని ఇంట్లో ఉన్న పదునైనవన్నీ తీశాను. కూరగాయల చాకు, కాగితాలు కోసే బ్లేడు, కొడవలి. ఆకు నిలువునా కోస్తే ఈనె వెంట దానంతట అదే చీలిపోతుంది, కత్తి మాట వినదు. అడ్డంగా నొక్కితే అంచు నలుగుతుంది. లాగి కోస్తేనే తెగుతుంది. చెక్క పట్టీ ఆనించి వరుసగా కోయబోతే, రెండు వైపులా వాలుగా సానబట్టిన చాకు పట్టీని వదిలి పక్కకు జరుగుతుంది. కూరగాయల చాకును ఒక వైపే అరగదీసి, రెండో వైపు చదునుగా ఉంచి చూశాను. పట్టీకి అంటుకుని తిన్నగా పోయింది. ఆ అరగంటలో కత్తి రూపం సగం తేలిపోయింది.

మిగతా సగం తాటివనంలో దొరికింది. ఘన్‌పూర్ వైపు నాకు తెలిసిన గీత కార్మికుడు ఒకాయన తన గీత కత్తి నా చేతికిచ్చి గెల కొసను ఒక పొర తీయమన్నాడు. వెన్న మీద పోయినట్టు పోయింది. అంత పల్చగా ఉంది అంచు. చెట్టెక్కే ముందు ప్రతిసారీ నూరుకుంటానని చెప్పాడు. నున్నగా మెరిసే ఆ అంచు పక్కన కత్తి ఒళ్లంతా నల్లగా, సుత్తి దెబ్బలు కనిపిస్తూ ఉంది. దాన్ని చూస్తూ ఉంటే నాకు కావలసిన 'పాతకాలపు తీరు' ఎక్కడుందో తెలిసింది. అది అలంకార సామాను అమ్మేచోట లేదు. ఇప్పటికీ కొడవళ్లు, గీత కత్తులు సాగగొట్టే ఊరి కొలిమిలో ఉంది. ఆ చేతులు ఆ అలవాటును విడవలేదు కాబట్టి, అక్కడ పుట్టే ఏ చిన్న చాకైనా పాత తీరులోనే పుడుతుంది.

ఆకారం కోసం మన ఊళ్ల బయట నిలబెట్టిన వీరగల్లులు చూశాను. రాతిలో వీరుడి చేతికో మొలకో ఉన్నది యుద్ధపు కత్తి. రెండంచులది, మొన కోసం చేసింది. కరణానికి అది పనికిరాదు. రాయి నుంచి ఒక్క సంగతే తీసుకున్నాను. పిడి మరీ పొడవు లేకుండా, పిడికిలికి సరిపోయేంతే ఉంటుంది.

కాగితం మీద గీసిన కొలతలు ఇవి. అలుగు మూడున్నర అంగుళాలు, వెడల్పు ముప్పావు అంగుళం, వెన్ను మందం 3 మిల్లీమీటర్లు. ఒక్క అంచే. పిడిలోకి దిగే తోక కనీసం రెండున్నర అంగుళాలు. చట్టం కూడా చూసుకున్నాను. ఆయుధాల నియమాల ప్రకారం అలుగు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉండి, ఇంటి పనికో సాగు పనికో చేసినది కాకపోతే చిక్కు వస్తుంది. మనది అందులో సగం కూడా లేదు.

కొలిమి దగ్గర

వరంగల్ నుంచి గంట బస్సు ప్రయాణంలో ఉన్న ఊళ్లో కమ్మరి పెద్దాయన ఒకరున్నారు. డెబ్భై దాటాయి. ఊరికి పనిచేసి పంటలో వాటా పొందే పన్నెండు మంది ఆయగాళ్లలో ఒకరిగా తాతలు గింజలు కొలిపించుకున్న ఇల్లు అది. ఇప్పుడు కొలిమి తిత్తి బదులు కరెంటు పంకా తిరుగుతోంది. మిగతాదంతా అదే. నేల మీద కొలిమి, చింత మొద్దులో దిగిన దాగలి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మె), పక్కన నీళ్ల తొట్టి.

నేను లారీ కమాను పట్టీ ముక్క తీసుకెళ్లాను. చాలామంది చేసే పని అదే. ఆయన చేతిలో బరువు చూసి పక్కన పెట్టేశారు. "ఇది గొడ్డలికి సారూ. ఇంత మందం సాగగొట్టేసరికి మీ కూలి డబ్బులు బొగ్గుకే పోతాయి. పాత ఆకురాయి తెండి" అన్నారు.

ఆకురాయి అంటే ఇనుము అరగదీసే ఫైలు. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. మంచి ఆకురాయిలో ఒక శాతానికి పైగా కార్బన్ ఉంటుంది. ఈనాడు పాత ఇనుము కొట్టులో దొరికేవాటిలో మన పాత ఉక్కుకు అంత దగ్గరగా వచ్చేది మరొకటి లేదు. అయితే అన్ని ఆకురాళ్లూ ఒకటి కావు. కొన్ని చవక రకాల్లో పైపొర మాత్రమే గట్టి, లోపల మెత్తని ఇనుము. వరంగల్‌లో పాత ఇనుము కొట్టులో 50 రూపాయలకు రెండు తీసుకుని, ఒక్కోదాని కొస గుడ్డలో చుట్టి సుత్తితో విరిచాను. రెండూ పటుక్కున విరిగాయి. విరిగిన చోట సన్నని బూడిదలా, మెరుపు లేకుండా, అంచు నుంచి నడిమి దాకా ఒకే తీరుగా ఉంది. ఉప్పు కల్లులా గరుకుగా మెరిస్తే అది మనకు వద్దు.

మొదటి రోజు రాత్రి ఆకురాళ్లను ఎర్రగా కాల్చి బూడిదలో పాతిపెట్టారు. తెల్లారేసరికి మెత్తబడ్డాయి. తర్వాత సానరాయి మీద పళ్లన్నీ పోయేదాకా అరగదీయించారు. నాకు తొందర. కాస్త కాస్త మిగిలితే ఏముందన్నాను. "ఒక్కో పన్ను ఒక్కో పగులు సారూ" అన్నారాయన. గాడి మిగిలితే నీట ముంచినప్పుడు అక్కడి నుంచే చీలుతుంది. వర్క్‌షాపులో ఏళ్ల తరబడి పిల్లలకు నేను నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పిన పాఠమే అది. ఆయన నాలుగు మాటల్లో చెప్పారు.

సాగగొట్టడం అరగంటలో అయిపోయింది. కొడుకు సమ్మెట అందుకున్నాడు, పెద్దాయన పట్టకారుతో తిప్పుతూ చిన్న సుత్తితో దెబ్బ ఎక్కడ పడాలో చూపించారు. తోక ముందు, మొన తర్వాత, అంచు చివర. అంచు పల్చబడుతుంటే అలుగు వెన్ను వైపు వంగుతుంది. ఆ వంపు వస్తుందని తెలిసే ఆయన ముందుగా ఎదురు వంపు పెట్టారు. చివరికి అలుగు తిన్నగా నిలబడింది.

తర్వాత నా తప్పు. అలుగు గట్టిపడాలంటే ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చాలి. పాతకాలంలో నీళ్లలోనే ముంచేవారు కదా, మనమూ అలాగే చేద్దామని పట్టుబట్టాను. ఇంత పల్చని దానికి నూనె మేలని ఆయన ఒకసారి అన్నారు, నేను వినలేదు. ఎర్రబడ్డ అలుగు తొట్టిలో దిగగానే చుయ్యిమంది. ఆ చప్పుడు అణిగాక, గాజు గాజుకు తగిలినట్టు చిన్నగా 'టిక్' మని వినిపించింది. పైకి తీసి వెలుతురుకు ఎదురుగా పట్టారు. అంచు నుంచి అలుగు నడిమి దాకా వెంట్రుకంత పగులు. పెద్దాయన ఏమీ అనలేదు. దాన్ని దాగలి పక్కన పెట్టి రెండో ఆకురాయి అందుకున్నారు. రెండు రోజుల పని నా మొండితనంతో పోయింది. నాకు ఇప్పటికీ ఆ చప్పుడు గుర్తుంది.

రెండోసారి మా ఇంట్లో గారెలు వేయించగా మిగిలిన నూనె సీసా తీసుకెళ్లాను. గోరువెచ్చగా చేసి ఇనుప డబ్బాలో పోశారు. వాకిలికి గోనెపట్ట వేలాడదీసి చీకటి చేశారు. ఎండ వెలుగులో ఎరుపు తక్కువగా కనబడుతుంది, వేడి ఎక్కువైపోతుంది. నేను అయస్కాంతం పట్టుకుని నిల్చున్నాను. ఇనుము దాదాపు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి లొంగడం మానేస్తుంది. ఆయన "ఇక చాలు" అన్న క్షణానికీ నా అయస్కాంతం వదిలేసిన క్షణానికీ ఒక ఊపిరి తేడా కూడా లేదు. ఇంకొంచెం కాగనిచ్చి, మొన కిందికి చేసి, అటూ ఇటూ ఊపకుండా నూనెలో దింపారు. పొగ, మంట, తర్వాత నిశ్శబ్దం. ఈసారి చప్పుడు రాలేదు. ఆకురాయితో అంచు గీస్తే గాజు మీద జారినట్టు జారింది.

అలాగే వదిలేస్తే గాజులాగే విరుగుతుంది కూడా. దానికి చేసిన పని నేను చూసినవాటిలో అందమైనది. అలుగు ఒక పక్కను ఇటుక ముక్కతో రుద్ది తెల్లగా చేశారు. ఎర్రగా కాల్చిన ఇనుప దిమ్మె మీద కత్తి వెన్ను ఆనించారు. వేడి వెన్ను నుంచి అంచు వైపు పాకుతుంటే తెల్లని ఉక్కు మీద రంగులు కదలడం మొదలైంది. ముందు లేత ఎండుగడ్డి రంగు, దాని వెనుక బెల్లం రంగు, దాని వెనుక నేరేడు, వెన్ను దగ్గర నెమలి మెడ నీలం. ఎండుగడ్డి రంగు అంచును తాకి కాస్త ముదరగానే నీళ్లలో ముంచేశారు. వెన్ను నీలంగా మెత్తబడింది, విరగదు. అంచు గడ్డి రంగులో గట్టిగా మిగిలింది, తెగుతుంది. మెత్తని ఒంటికి ఉక్కు అంచు అన్న పాత సూత్రాన్ని ఒకే ముక్క ఉక్కులో తెచ్చి చూపించారాయన.

సాన ఒక వైపే పట్టాం. రెండో వైపు సుత్తి దెబ్బల నలుపు వెన్ను దగ్గర అలాగే ఉంచి, అంచు వరకు మాత్రం చదును చేశాం.

పిడి, ఒర, లెక్క

పిడికి పెంబర్తి ఇత్తడి పనివారి చేత ఒక చిన్న లత చెక్కిస్తే ఎంత బాగుంటుందో అని నాకు ఆశ కలిగింది. అడిగి చూశాను. ఆ చేతిపనికి తగ్గ వెల ఇస్తే మన మొత్తం లెక్క అక్కడే అయిపోతుంది. అంత తక్కువకు చేయమని బేరమాడటం నాకు ఇష్టం లేదు. వదిలేశాను. పాత ఇత్తడి గొట్టం కోసి, పిడి మూతికి తొడిగే పొన్ను చేశాను. వడ్రంగి ఎండిన తుమ్మ కర్ర చెక్కి ఇచ్చాడు. తోకను కాల్చి పిడి రంధ్రంలోకి దించి, దాని దారి అదే చేసుకునేలా చేశాం. తర్వాత లక్క కరిగించి, జల్లించిన ఇటుక పొడి కలిపి రంధ్రం నింపి, తోక వేడి చేసి దించేశాం. పాత కత్తుల పిడులు నిలబెట్టింది ఈ లక్కే. ఎప్పుడైనా పిడి మార్చాలంటే వేడి చేస్తే వదులుతుంది, కత్తికి నష్టం లేదు. మొదట కొన్న కత్తిలోని జిగురును మూడు రోజులు చూశాను కాబట్టి ఈ తేడాను గట్టిగా చెబుతున్నాను.

కమ్మరి కూలి, బొగ్గుతో కలిపి 350. ఆకురాళ్లు 50. పిడి 80. ఇత్తడి గొట్టం ముక్క 40, లక్క 50, తోలు ఒర 150. మొత్తం 720. నీళ్ల మొండితనంతో పగిలిన మొదటి అలుగుకు విడిగా కూలి ఇవ్వబోతే పెద్దాయన తీసుకోలేదు. తర్వాత మా ఇంటి మామిడిపళ్లు తీసుకెళ్లి ఇచ్చాను. ఆకురాయితో చాకు చేయించే ఎవరైనా ఒక అలుగు పోతుందని ముందే లెక్క వేసుకోవాలి, ఆ కూలి ఇవ్వడానికి సిద్ధపడాలి.

ఆగస్టులో మొదటి ప్రదర్శన జరిగింది. టీచరు తెల్ల పంచె, తలపాగాతో చాప మీద కూర్చున్నారు. కత్తి ఆవిడ మొలలోనే ఉంది, పిల్లల చేతికి ఇవ్వలేదు, పని అయ్యాక ఒరలో పెట్టి తాళం వేసిన పెట్టెలో ఉంచారు. పట్టీ ఆనించి ఆకు అంచు తీస్తుంటే సన్నని చుట్టలు చుట్టుకుని రాలాయి. ముందు వరుసలో పిల్లవాడొకడు ఆ చుట్టలు ఏరుకుని జేబులో వేసుకున్నాడు. ఆ రోజు ముప్పై ఆకులకు పైగా కోశారు. అంచు మొక్కబోలేదు.

రెండు వారాల తర్వాత టీచరు కంగారుగా ఫోను చేశారు. కత్తి మీద నల్లని మరకలు వచ్చాయి. ఇంట్లో పచ్చి మామిడికాయ కోశారట. పులుపు తగిలితే ఈ ఉక్కు నల్లబడుతుంది, పాడవదు. కోసిన వెంటనే తుడిచి, కొబ్బరి నూనె చుక్క రాసి పెట్టమన్నాను. తోలు ఒరలో తడి నిలుస్తుంది కాబట్టి వానాకాలం మాత్రం బయట గుడ్డలో చుట్టి ఉంచమన్నాను. ఇప్పుడు ఆ మరకల వల్లే కత్తి మరింత పాతదానిలా కనిపిస్తోందని ఆమె సంతోషిస్తున్నారు. ఇప్పటికి రెండుసార్లు సాన పెట్టాను, పిడి కదలలేదు.

పగిలిన మొదటి అలుగు చాలా రోజులు దాగలి పక్కనే పడి ఉంది. దసరాకు వెళ్లినప్పుడు పెద్దాయన దాన్ని నా చేతిలో పెట్టారు. పగులు ఉన్న భాగాన్ని విరిచేసి, మిగిలిన తోకను సన్నగా సాగగొట్టి, మొన తీసి గంటం చేశారు. ఇప్పుడు ఆ గంటం, కత్తి ఒకే ఒరలో పక్కపక్కన ఉంటున్నాయి. టీచరు ఇనుప సూది వదిలేసి దానితోనే రాస్తున్నారు.